పదిహేనేళ్లు దాటిన కారుకి ఆర్సీ రెన్యువల్: పెయింటర్ దగ్గరికి వెళ్లేముందు ఇది చదవండి

పాత కారు బాగుచేయించి రోజూ తిప్పుకుందాం అనుకునేవాళ్లలో ఎక్కువమంది మొదట పరిగెత్తేది టింకరింగ్, పెయింటింగ్ షెడ్డుకే. నేనూ అదే పని చేశాను. నాది 2008 మోడల్ మారుతి 800. తుప్పు తీయించి, పెయింట్ వేయించి, సీట్లు కుట్టించి, అంతా అయ్యాక ఆర్సీ బయటికి తీసి చూస్తే గడువు తీరి నాలుగు నెలలైంది. సరే అని ఫీజు కట్టి ఇన్‌స్పెక్షన్‌కి తీసుకెళ్తే అక్కడ ఇంకో తలనొప్పి. ఇంజన్ వెనక రేకు మీద కొట్టి ఉండే ఛాసిస్ నంబర్ మీదుగా మా పెయింటర్ గారు చక్కగా పుట్టీ పెట్టి రంగు కొట్టేశారు. నంబర్ చదవడానికి రాలేదు, బండి వెనక్కి వచ్చింది. కొత్త పెయింట్ అక్కడ మళ్లీ గీకించి, ఇంకోసారి స్లాట్ తీసుకుని వెళ్లాల్సి వచ్చింది. అందుకే ఏ పని ముందు, ఏ పని తర్వాత అనే దగ్గర్నుంచే మొదలుపెడుతున్నాను.

ముందు భయం సంగతి. "పదిహేనేళ్లు దాటితే బండి స్క్రాప్‌కే" అని వాట్సాప్‌లో తిరిగే మాట సొంత కార్లకి దేశమంతటా వర్తించేది కాదు. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ బండ్లు తిరగకూడదన్నది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతం గురించి 2015లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ ఇచ్చిన ఆదేశం. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది, ఆ తర్వాత కూడా దాని మీద కోర్టుల్లో వాదనలు నడిచాయి. ఇక పదిహేనేళ్లు దాటితే రెన్యువల్ లేదన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ వాహనాలకి వచ్చింది. మన తెలుగు రాష్ట్రాల్లో సొంత కారు అయితే, కండిషన్ బాగుంటే, మోటారు వాహనాల చట్టం 1988లోని 41వ సెక్షన్ ప్రకారం మొదటి 15 ఏళ్ల తర్వాత ఐదేసి ఏళ్ల చొప్పున రెన్యువల్ చేయించుకోవచ్చు. ఎన్నిసార్లైనా. ప్రతిసారీ బండి చూపించాలి, అంతే.

గడువు తీరిన మర్నాటి నుంచి ఆ బండి రిజిస్టర్ కానట్టే లెక్క, రెన్యువల్ అయ్యేదాకా రోడ్డెక్కకూడదు. పట్టుబడితే చట్టంలో మొదటిసారికి 2,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది. నా దృష్టిలో జరిమానా చిన్న విషయం. అసలు భయం ఇన్సూరెన్స్‌ది. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు తీరిన కారు దొంగతనానికి గురైన ఒక కేసులో క్లెయిమ్ ఇవ్వనక్కర్లేదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. రోజూ పిల్లల్ని స్కూల్లో దింపే బండి విషయంలో ఆ రిస్క్ ఎందుకు?

ఎప్పుడు, ఎంత

గడువు తేదీకి 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, అంతకంటే ముందు తీసుకోరు. ఫారం పేరు ఫారం 25. కేంద్ర నిబంధనల ప్రకారం 15 నుంచి 20 ఏళ్ల మధ్య కారుకి ఫీజు 5,000 రూపాయలు. 2022 ఏప్రిల్‌కి ముందు ఇది 600 ఉండేది, అందుకే పాత వీడియోలు చూసి వెళ్లినవాళ్లు కౌంటర్ దగ్గర ఉలిక్కిపడతారు. 20 ఏళ్లు దాటిన కారుకి 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. విదేశాల నుంచి దిగుమతి చేసుకున్న కారైతే వీటికి ఎన్నో రెట్లు. గడువు దాటాక వస్తే నెలకి 500 చొప్పున అదనం, నాకు పడింది ఇదే. వీటి మీద గ్రీన్ ట్యాక్స్, కార్డు చార్జీ, సర్వీస్ చార్జీ లాంటివి రాష్ట్రాన్ని బట్టి, బండి వయసుని బట్టి కలుస్తాయి. మొత్తం ఎంతో ఫీజు కట్టే పేజీలో కనిపిస్తుంది, ఏజెంట్ నోటి లెక్క కాకుండా దాన్నే నమ్మండి.

ఆర్సీని ఒకసారి కూర్చుని చదవండి

చాలామంది ఆర్సీ జేబులో పెట్టుకుని తిరుగుతారు తప్ప చదవరు. రెన్యువల్ ఆగిపోయేది ఎక్కువగా బండి వల్ల కాదు, ఈ కార్డు మీద ఉన్న పాత సంగతుల వల్ల.

మొదటిది ఫైనాన్స్. లోన్ ఎప్పుడో తీరిపోయినా ఆర్సీ మీద హైపోథికేషన్, అంటే బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు, అలాగే ఉండిపోతుంది. దాన్ని తీయించడానికి ఫారం 35, దానితోపాటు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ కావాలి. ఆర్సీ మీద ఆంధ్రా బ్యాంక్ అనో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అనో ఉంటే కంగారు పడకండి, మొదటిది 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో, రెండోది 2017 ఏప్రిల్‌లో ఎస్‌బీఐలో కలిసిపోయాయి కాబట్టి కాగితం ఇవ్వాల్సింది ఆ బ్యాంకులే. కాకపోతే పదిహేనేళ్ల నాటి లోన్ ఖాతా వెతకడానికి బ్రాంచిలో టైమ్ పడుతుంది, అందుకే ఈ పని అన్నిటికంటే ముందు మొదలుపెట్టాలి.

రెండోది పేరు. నాన్నగారి కారు, ఆయన పోయారు, జ్ఞాపకంగా బాగుచేయించుకుని నడుపుకుందాం అనుకునేవాళ్లు నాకు తెలిసి చాలామంది ఉన్నారు. ఇలాంటప్పుడు యజమాని చనిపోయిన 30 రోజుల్లో ఆర్టీఏ (రవాణా శాఖ) ఆఫీసుకి తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31తో వారసుల పేరు మీదకి మార్చుకోమంటుంది చట్టం. ఆ గడువు ఎప్పుడో దాటిపోయినా పని ఆగిపోదు, కాకపోతే డెత్ సర్టిఫికెట్, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న కాగితం సిద్ధం చేసుకుని ముందు ట్రాన్స్‌ఫర్, ఆ తర్వాతే రెన్యువల్. కొన్న కారైతే ఫారం 29, 30. అమ్మినాయన పేరు మీదే ఏళ్లతరబడి తిప్పుతున్నవాళ్లకి ఆయన్ని ఇప్పుడు వెతికి పట్టుకోవడమే పెద్ద పని.

మూడోది నంబర్లు, రంగు. ఇంజన్ పాడైందని వేరే ఇంజన్ దించి వేయించి ఉంటే, ఆ నంబర్ ఆర్సీలో లేకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. ఇంజన్ మార్చాలంటే ముందు అనుమతి, బిల్లు, తర్వాత ఆర్సీలో నమోదు, ఇదీ వరస. రంగు మార్చినా అంతే, ఎరుపు కారుని నీలం చేశారంటే అది ఆర్సీలోకి ఎక్కాలి. అందుకే నా సలహా, పాత రంగే వేయించండి, ఒక దరఖాస్తు తగ్గుతుంది. సీఎన్‌జీ కిట్ ఉంటే అది ఆర్సీలో రాసి ఉండాలి, సిలిండర్‌కి మూడేళ్లకోసారి చేసే హైడ్రో టెస్ట్ కాగితం కూడా ఉండాలి.

ఇంకో చిన్న చిక్కు. పాతకాలం పుస్తకం ఆర్సీ అయితే వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కి ఉండకపోవచ్చు. ఆన్‌లైన్‌లో బండి నంబర్ కొడితే "రికార్డు లేదు" అని వస్తుంది. అప్పుడు ఒరిజినల్ ఆర్సీ తీసుకుని ఆఫీసుకి వెళ్లి బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించుకోవాలి. ఇది అయ్యేదాకా ఇంకేదీ కదలదు.

బండి సిద్ధం చేయడం

ఇక్కడ డబ్బు ఎక్కడ పెట్టాలనేది అసలు ప్రశ్న. చూసే ఇన్‌స్పెక్టర్, మనవాళ్లు ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు, ఆయనకి మీ సీట్ కవర్ల డిజైన్‌తో పని లేదు. బండి ఆగుతుందా, తిరుగుతుందా, కనిపిస్తుందా, పొగ వస్తోందా, ఇవే. రోజూ నడిపే మనకీ కావాల్సింది ఇవే కాబట్టి రెండు పనులూ ఒకే ఖర్చుతో అయిపోతాయి.

బ్రేకులతో మొదలుపెట్టండి. ఏళ్లతరబడి నిలబడిన బండిలో వెనక డ్రమ్ములలోని వీల్ సిలిండర్లు జామ్ అయి ఉంటాయి లేదా కారుతుంటాయి, ముందు కాలిపర్ పిస్టన్లు తుప్పు పట్టి ఉంటాయి. రబ్బర్ హోసులు బయటికి బాగానే కనిపించినా లోపల ఉబ్బి, పెడల్ వదిలినా చక్రాన్ని పట్టే ఉంచుతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని లాగేసుకుంటుంది కాబట్టి పాతది పూర్తిగా తీసేసి కొత్తది పోయించండి, రోజూ నడిపే బండికి రెండేళ్లకోసారి మార్చడం అలవాటు చేసుకోండి. హ్యాండ్ బ్రేక్ కేబుల్ మర్చిపోతారు, అది కూడా చూస్తారు.

తర్వాత ముందు సస్పెన్షన్: బాల్ జాయింట్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, టై రాడ్ ఎండ్లు. జాకీ ఎక్కించి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కొట్టుకుంటోందంటే మార్చాల్సిందే. టైర్ల గట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గకూడదన్నది నిబంధన, కానీ పాత కార్ల దగ్గర అసలు మోసం వయసుది. గట్లు నిండుగా ఉంటాయి, రబ్బరేమో రాయిలా ఉంటుంది. టైరు పక్కన ఉండే కోడ్ చివర్లో నాలుగు అంకెలు ఉంటాయి, 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. ఏడెనిమిదేళ్ల టైర్లు నేనైతే ఉంచను.

పొల్యూషన్ సర్టిఫికెట్ విషయంలో కొంచెం తెలివి కావాలి. బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి ఏ కాలుష్య ప్రమాణం కింద తయారైందో చెప్పే మాట. పెట్రోల్ బీఎస్-2, బీఎస్-3 కార్లకి ఐడ్లింగ్‌లో (బండి నిలబెట్టి ఇంజన్ ఆన్‌లో ఉంచినప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం దాటకూడదు. బీఎస్-4 అయితే 0.3 శాతం, 200 పీపీఎం. మోనాక్సైడ్ ఎక్కువ వస్తోందంటే పెట్రోల్ ఎక్కువ పోతోందని అర్థం, ఎయిర్ ఫిల్టర్, ఆక్సిజన్ సెన్సర్ చూడాలి. హైడ్రోకార్బన్లు ఎక్కువైతే సరిగ్గా మండటం లేదని, ప్లగ్గులు, ప్లగ్ వైర్లు చూడాలి. చల్లటి ఇంజన్‌తో వెళ్లి టెస్ట్ చేయించకండి, పావుగంట ఇరవై నిమిషాలు నడిపి వెళ్తే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కి రీడింగ్ నిజంగా ఎంతో అంతే వస్తుంది. డీజిల్ అయితే పొగ సాంద్రత చూస్తారు, పాత బండ్లకి 65 యూనిట్ల దాకా, బీఎస్-4కి 50. పెట్రోల్ పైపులు కూడా ఈ సందర్భంలోనే మార్చేయండి, ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వస్తోంది, దాన్ని దృష్టిలో పెట్టుకోకుండా చేసిన పాత రబ్బర్ మెత్తబడి పగులుతుంది.

మిగతావి చిన్నవి: లైట్లు, ఇండికేటర్లు, హారన్, వైపర్లు, సీటు బెల్టులు, అద్దాల మీద నల్ల ఫిల్మ్ తీసేయడం, హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు. ఛాసిస్ నంబర్ చోట తుప్పు ఉంటే గ్రైండర్ పెట్టనివ్వకండి, నంబర్ అరిగిపోతే ట్యాంపరింగ్ అనే అనుమానం వస్తుంది. కిరోసిన్ గుడ్డతో నెమ్మదిగా తుడిస్తే చాలు. తర్వాత కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసి చూసుకోండి, ప్రతి అంకె వస్తే మీరు సేఫ్.

దరఖాస్తు

పరివాహన్ పోర్టల్‌లోనో మీ రాష్ట్ర రవాణా శాఖ సైట్‌లోనో బండి నంబర్, ఛాసిస్ నంబర్‌లోని చివరి ఐదు అంకెలు కొడితే ఓటీపీ వస్తుంది. వస్తుంది అంటే ఆర్సీకి లింకైన ఫోన్ నంబర్‌కి. పదిహేనేళ్ల క్రితం నంబర్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో దేవుడికే తెలియాలి, కాబట్టి ముందు మొబైల్ నంబర్ అప్‌డేట్ చేసుకోండి. పెండింగ్ చలానాలుంటే కట్టేయండి. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ అమల్లో ఉండాలి. రెన్యువల్ ఆఫ్ రిజిస్ట్రేషన్ ఎంచుకుని, వివరాలు ఆర్సీతో సరిపోల్చుకుని, ఫీజు కట్టి, స్లాట్ తీసుకుని, దరఖాస్తు ప్రింట్, రసీదు పెట్టుకోండి.

స్లాట్ రోజు ఆర్టీఏ ఆఫీసుకి బండి, ఒరిజినల్ ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఆధార్, అడ్రస్ ప్రూఫ్, ఫారం 25, ఛాసిస్ పెన్సిల్ ప్రింట్ తీసుకెళ్లాలి. గడువు తీరిపోయిన బండి అయితే నడుపుకుంటూ కాదు, టోయింగ్ బండి మీద తీసుకెళ్లండి. కడిగిన బండితో వెళ్లండి, మర్యాద కోసం కాదు, బురద కింద ఆయిల్ కారుతోందేమో అనే అనుమానం రాకుండా. ఏదైనా లోపం చెబితే వాదించకుండా రాయించుకోండి, సరిచేసి మళ్లీ చూపించుకోవచ్చు. కొన్నిచోట్ల ఈ పరీక్ష ఆటోమేటెడ్ స్టేషన్‌లో యంత్రాలతో చేస్తున్నారు, అక్కడ ఎడమ కుడి బ్రేకులు సమానంగా పడుతున్నాయా అన్నది మెషిన్ చెప్పేస్తుంది, మాటలు పనిచేయవు.

మీ కారు 50 ఏళ్లు దాటిందైతే ఒక మాట. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కింద నంబర్‌లో 'వీఏ' అక్షరాలు వస్తాయి, ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ ఆ బండిని ప్రదర్శనలకి, ర్యాలీలకి, రిపేరుకి, పెట్రోల్‌కి తప్ప రోజూ తిప్పకూడదు. రోజూ నడుపుకోవాలంటే మామూలు రెన్యువలే చేయించుకోండి.

కొత్త ఆర్సీ వచ్చాక గడువు తేదీ, ఇంజన్ నంబర్, రంగు, హైపోథికేషన్ ఉన్న చోటు, నాలుగూ ఆ రోజే చూసుకోండి. నా కార్డులో రంగు తప్పు పడింది, వారంలోపు వెళ్తే సరిచేశారు.