పాకిస్తానీ పెళ్లిలో పెళ్లికూతురి తండ్రి బట్టలు: ఎంపిక, కొలతలు, కుట్టు

బారాత్ రోజున, అంటే పెళ్లికొడుకు బృందం వచ్చే రోజున, ఆతిథ్యం పెళ్లికూతురి ఇంటివాళ్లది. అందరికంటే ఎక్కువసేపు నిలబడేది ఆమె తండ్రి. గుమ్మం దగ్గర పూలదండలతో ఎదురుకోలు, వచ్చిన ప్రతి మగవాడితోనూ ఆలింగనం, నికాహ్‌నామా (పెళ్లి ఒప్పంద పత్రం) దగ్గర సంతకం, భోజనాల దగ్గర పర్యవేక్షణ, ఆఖరున రుఖ్సతీలో (అప్పగింతల్లో) కూతుర్ని కారు దాకా నడిపించడం, అన్నీ ఆయన పనులే. ఈ పనులన్నిటినీ తట్టుకునే బట్టలు కావాలి. దుకాణంలో అద్దం ముందు నిటారుగా నిలబడి చూసుకుంటే ఇవేవీ తెలియవు.

ముందు వేడుకల లెక్క తేల్చుకోండి. మెహందీ, నికాహ్, బారాత్, వలీమా (పెళ్లికొడుకు ఇంటివాళ్లిచ్చే విందు) అని నాలుగు ఉంటాయి. నికాహ్ బారాత్ రోజునే జరగవచ్చు, కొన్ని రోజుల ముందే మసీదులో జరగవచ్చు. పాకిస్తాన్ పంజాబ్‌లో 2016 పెళ్లి వేడుకల చట్టం ప్రకారం రాత్రి 10 గంటలకల్లా వేడుక ముగియాలి. అందుకే అక్కడ నికాహ్, భోజనం, రుఖ్సతీ ఒకే సాయంత్రం పెట్టుకుంటే మధ్యలో బట్టలు మార్చుకునే తీరిక దొరకదు, ఒక్క జత మీదే నడిపించాలి. ఖర్చులోనూ శ్రద్ధలోనూ పెద్ద వాటా బారాత్ జతకే కేటాయించండి, మిగిలినవి దాన్ని బట్టి సర్దుకోవచ్చు.

షేర్వానీ, ప్రిన్స్ కోటు, వాస్కట్, సూటు

బారాత్‌కు నాలుగు దారులున్నాయి. మోకాలి దాకా వచ్చే షేర్వానీ, నడుం కింద తుంటి దగ్గర ఆగే నిలువు కాలర్ ప్రిన్స్ కోటు, సల్వార్ కమీజ్ మీద వాస్కట్ (చేతుల్లేని కోటు), లేదా ముదురు రంగు పాశ్చాత్య సూటు. కరాచీ, లాహోర్, ఇస్లామాబాద్ కుటుంబాల్లో సూటు మామూలే, ఎవరూ తప్పుపట్టరు. అయినా కూతురు బరువైన లెహంగాలో, అల్లుడు షేర్వానీలో ఉన్నప్పుడు పక్కన తండ్రి కూడా దేశీ దుస్తుల్లో ఉంటే ఫొటోలో ఆ ముగ్గురూ ఒక కుటుంబంలా కుదురుతారు.

షేర్వానీ అంటే పెళ్లికొడుకు దుస్తులని కొందరు తండ్రులు వెనకాడతారు. అలా అనుకోనక్కర్లేదు. 1937లో లక్నోలో జరిగిన ముస్లిం లీగ్ సమావేశానికి జిన్నా షేర్వానీ, కరాకుల్ టోపీతో వచ్చారు. అప్పటి నుంచి ఎంబ్రాయిడరీ పనేమీ లేని సాదా నల్ల షేర్వానీకి పెద్దమనిషి దుస్తులన్న గౌరవం ఉంది. తండ్రికి తగినది ఆ సాదా షేర్వానీయే. జర్దోజీ (జరీ దారపు) పని నిండుగా ఉన్నది అల్లుడికి వదిలేయండి.

పొట్ట ఉన్నవాళ్లకు ప్రిన్స్ కోటు కంటే షేర్వానీయే నప్పుతుంది. ప్రిన్స్ కోటు సరిగ్గా పొట్ట కింద ఆగి చూపును అక్కడే నిలబెడుతుంది, షేర్వానీ మెడ నుంచి మోకాలి దాకా ఒకే గీతలా దిగుతుంది. పొట్టివాళ్లు మాత్రం షేర్వానీని మోకాలి మధ్యలోనే ఆపించుకోవాలి. ఇంకో రెండు అంగుళాలు దిగితే కాళ్లు మరీ కురచగా కనిపిస్తాయి. మే, జూన్‌లలో లాహోర్‌లోనో ముల్తాన్‌లోనో పెళ్లయితే షేర్వానీ ఆలోచన మానుకుని తెల్ల సల్వార్ కమీజ్ మీద మంచి వాస్కట్ వేసుకోండి. 40 డిగ్రీలు దాటే ఎండల్లో ఏసీ హాలు బయట నిలబడి బారాత్ కోసం ఎదురుచూడాల్సింది మీరే.

రంగు

ఏ రంగైనా ఖాయం చేసే ముందు పెళ్లికొడుకు ఇంటికి ఫోన్ చేసి అల్లుడు ఏం వేసుకుంటున్నాడో అడగండి. చాలామంది పెళ్లికొడుకులు క్రీమ్, హాఫ్ వైట్, బంగారు ఛాయల షేర్వానీ మీద కుల్లా అనే టోపీకి చుట్టిన తలపాగా పెట్టుకుంటారు కాబట్టి ఆ రంగులు మీకు వద్దు. అతను నలుపు వేసుకుంటే మీరు నేవీ నీలానికో ముదురు ఆకుపచ్చకో మారాలి. కూతురి ఎరుపుకు సరితూగే ఎరుపు కోసం బజారంతా తిరగకండి. దగ్గరగా ఉండి కలవని ఎరుపు అసలు సంబంధం లేని రంగు కంటే కంటికి ఎక్కువ గుచ్చుకుంటుంది. నలుపు, నేవీ, బొగ్గు రంగు, బాటిల్ గ్రీన్, కాఫీ గోధుమ, ఇవి చాలు. నలుపులో ఒక చిక్కుంది: ఫొటోల్లో కుట్టు వివరాలన్నీ మాయమై ఒక నల్లటి ముద్దలా పడుతుంది. అల్లికలో సన్నటి గీతో గళ్లో ఉన్న బట్ట తీసుకుంటే ఆ బెడద తగ్గుతుంది.

పని కావాలంటే కాలర్ మీద, చేతి అంచుల మీద అదే రంగు దారంతో చేయించండి, అంతకు మించి వద్దు. తలపాగా కుటుంబ ఆచారమైతే పెట్టుకోండి, కానీ అల్లుడి తలపాగా రంగు మాత్రం కాకూడదు. సింధీ ఇళ్లల్లో భుజాన అజ్రక్ (అచ్చు వేసిన శాలువా) కప్పుకుంటే కింద బట్ట పూర్తిగా సాదాగా ఉండాలి. అజ్రక్ అచ్చుల్లోని ఎరుపు, నీలిమందు రంగులే ఆ అలంకారమంతా.

బట్ట

పొరపాట్లు ఎక్కువ జరిగేది ఇక్కడే. లాహోర్ ఆజం క్లాత్ మార్కెట్‌లోనో కరాచీ జామా క్లాత్‌లోనో దుకాణదారు ముందుగా చూపించేది వాష్ అండ్ వేర్. ముడత పడదు, ధరా అందుబాటులో ఉంటుంది. కానీ దానిలో పాలియెస్టర్ కలుస్తుంది, చెమట పీల్చదు. చలికాలపు సాయంత్రానికి హాయిగా ఉంటుంది, ఎండాకాలంలో వీపుకు అంటుకుపోతుంది. గంజి పెట్టిన లట్ఠా నూలు బట్ట మొదటి గంటలో దర్జాగా నిలబడుతుంది, రెండుసార్లు కూర్చుని లేస్తే ఒడిలో మడతలు పడతాయి. కాబట్టి దాన్ని నికాహ్‌కు ఉంచుకుని, బారాత్‌కు నూలు పాలు ఎక్కువున్న మిశ్రమ బట్ట తీసుకోండి. డిసెంబర్, జనవరిల్లో లాన్‌లో వేడుకైతే కరండీ అనే చలికాలపు బట్ట మంచిది. బోస్కీ మెరుపు, జారుడు పంజాబ్ పెద్దలకు ఎంతో ఇష్టం. అయితే అసలు బోస్కీ పట్టు. మగవాళ్లు స్వచ్ఛమైన పట్టు, బంగారం ధరించకూడదన్నది ఇస్లామీ నియమం. దాన్ని పాటించే ఇళ్లల్లో కృత్రిమ పట్టు బోస్కీ అడిగి తీసుకుంటారు. గుండీలు, కఫ్‌లింకులు వెండివి పెట్టించుకుంటారు. వియ్యాలవారు మతాచారం గట్టిగా పాటించేవాళ్లయితే ఇది ముందే చూసుకోవాలి.

షేర్వానీకి జామవార్ అనే జరీ నేత బట్ట తీసుకోవద్దు. స్టేజీ లైట్ల కింద జరీ అంతా మెరిసి ముఖం వెనక్కి పోతుంది. సన్నటి ఊలు సూటింగ్ గానీ, మెరుపు తక్కువున్న రా సిల్క్ తరహా బట్ట గానీ బాగుంటుంది.

ఇక కొలత. 56 అంగుళాల పన్నా ఉంటే సల్వార్ కమీజ్‌కు 4 మీటర్లు సరిపోతాయి. ఆరడుగులు దాటినవాళ్లకూ బాగా లావుగా ఉన్నవాళ్లకూ 4.5 మీటర్లు కావాలి. షేర్వానీకి 3 నుంచి 3.5 మీటర్లు, వాస్కట్‌కు ఒకటిన్నర మీటరు లెక్క. బోస్కీ పన్నా చిన్నది కాబట్టి ఈ లెక్క దానికి పనికిరాదు, పన్నా చెప్పి టైలర్‌నే అడగాలి. నూలు బట్టను కుట్టడానికి ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయించండి. అలా చేయకపోతే మొదటి ఉతుకులోనే చేతులు మణికట్టు పైకి పోతాయి.

టైలర్ దగ్గర

షేర్వానీకి 8 వారాలు, సల్వార్ కమీజ్, వాస్కట్‌లకు 4 వారాలు ముందుగా ఇవ్వండి. రంజాన్ సగం గడిచాక పాకిస్తాన్‌లో టైలర్లు ఈద్ పనితో కొత్త ఆర్డర్లు ఆపేస్తారు. ఈద్ తర్వాత వెంటనే పెళ్లయితే రంజాన్ మొదలవకముందే కొలతలు ఇచ్చేయాలి.

షేర్వానీ కొలతలు లోపల వేసుకునే కమీజ్ మీదే ఇవ్వాలి. చలికాలమైతే కింద వేసుకునే స్వెటర్ కూడా వేసుకునే వెళ్లండి. కుట్లలో ఇరువైపులా అంగుళం బట్ట లోపల వదిలేయమని చెప్పండి. పెళ్లి పనుల్లో బరువు పెరగడమో తగ్గడమో మామూలే, ఆ అంగుళమే చివరి వారంలో ఆదుకుంటుంది.

కచ్చా ఫిట్టింగ్‌లో (పూర్తిగా కుట్టకముందు తొడిగి చూసేటప్పుడు) ఈ నాలుగూ చేసి చూడండి:

రెండు చేతులూ తలపైకి ఎత్తండి. రుఖ్సతీలో కూతురి తల మీద ఖురాన్ పట్టుకునేది తండ్రో అన్నో. చేతులెత్తగానే కోటు అంతా పైకి లేచి మెడ దగ్గర గుత్తిగా పోగైతే చంక కోత మరీ కిందికి ఉందన్నమాట. చంక పైకి ఉంటేనే చేయి కదిలినప్పుడు కోటు కదలదు. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుని చంక ఇంకా వదులు చేయమంటారు.

నేల మీద బాసింపట్టు వేసి కూర్చోండి. మసీదు నికాహ్‌లో అలాగే కూర్చోవాలి. గుండీలు లాగితే పక్క చీలికలను అంగుళమో రెండంగుళాలో పైకి తెరిపించండి.

ఎవరినైనా ఆలింగనం చేసుకోండి. వీపు మధ్య కుట్టు బిగుసుకుంటే అక్కడే వదులు కావాలి. ఇది ఆ రోజు వందసార్లు చేసే పని.

కాలర్ హుక్ పెట్టుకుని పది నిమిషాలు మాట్లాడండి. మెడకూ కాలర్‌కూ మధ్య రెండు వేళ్లు దూరాలి. హుక్ విప్పేసి తిరిగితే షేర్వానీ అందమే పోతుంది.

గుండీల కింద ముందు అంచులు రెండూ విడిపోయి తెరుచుకుంటుంటే పొట్టకు ముందు భాగం పొడవు చాలలేదని అర్థం. గుండీలు జరిపితే అది సర్దుకోదు, భుజం కుట్టు విప్పి ముందు భాగాన్ని కిందికి దించాలి. అదీ బట్ట వదిలి ఉంటేనే సాధ్యం. మెడ వెనక కాలర్ లేచి నిలబడితే సాధారణంగా వంగిన భుజాలకు నిటారు కోత వేశారన్నమాట, కొలత ఇచ్చేటప్పుడు ఛాతీ విరిచి నిలబడటమే దానికి కారణం.

సల్వార్ పాంచా (కాలి అంచు) చెప్పు పైభాగాన్ని తాకి ఆగాలి. చీలమండ పైకి ఉంచుకునే అలవాటున్నవాళ్లు అది ముందే చెప్పాలి, కుట్టాక మడిస్తే అంచు లావెక్కుతుంది. బొందు నూలుదే వేయించండి. నైలాన్ బొందు ముడి జారుతుంది.

జేబులు

లోపలి జేబులు రెండు ఉండాలి. నికాహ్ రిజిస్ట్రార్‌కు జాతీయ గుర్తింపు కార్డు చూపించాలి, సంతకానికి పెన్ను ఉండాలి. నికాహ్‌నామా మీద వేలిముద్రలూ వేయిస్తారు కాబట్టి ఒక పాత చేతిరుమాలు పెట్టుకోండి, లేకపోతే ఆ సిరా తెల్ల కఫ్‌కు అంటుతుంది. సలామీ (కానుక డబ్బుల) కవర్లు మాత్రం జేబులో పెట్టుకోకండి. పది కవర్లకే ఒక పక్క ఉబ్బి కోటు వంగుతుంది. తమ్ముడికో మేనల్లుడికో ఒక సంచి అప్పగించండి.

కాళ్లకు

షేర్వానీ కింద ఖుస్సా (సంప్రదాయ తోలు జోడు), సల్వార్ కమీజ్, వాస్కట్ కింద పేషావరీ చప్పల్, సూటు కింద లేసుల బూట్లు. కొత్త ఖుస్సా తోలు గట్టిగా ఉంటుంది. సంప్రదాయ పద్ధతిలో కుట్టినవాటికి కుడి ఎడమల తేడా ఉండదు, పాదాన్ని బట్టి అవే రూపు తెచ్చుకుంటాయి. అందుకే రెండు వారాల ముందు నుంచీ లోపల ఆవనూనె రాసి రోజూ అరగంట ఇంట్లో తొడుక్కుని తిరగండి. లోపలి నూనె పూర్తిగా ఇంకాకే బయట వేసుకోవాలి, లేదంటే తెల్ల పాంచాకు మరక. మధుమేహం ఉన్నవాళ్లు ఖుస్సా జోలికి పోవద్దు, మడమ మీద పడిన చిన్న బొబ్బ కూడా వారాల తరబడి మానకపోవచ్చు. వాళ్లకు మెత్తటి అడుగున్న పేషావరీ మేలు.

మెహందీకి పెద్దగా ఆలోచించక్కర్లేదు. తెల్ల కుర్తా, భుజాన పసుపో ఆకుపచ్చో దుపట్టా చాలు. ఉబ్తన్ (నలుగు పిండి), పసుపు, గోరింటాకు మరకలు పడతాయి, ఖరీదైనది వేసుకోకండి.

బారాత్ కోటుకు బ్రూచ్ పెట్టుకోకండి, భుజం మీద రాళ్ల పని కూడా వద్దు. రుఖ్సతీ వేళ కూతురు ఆ భుజం మీదే తల వాలుస్తుంది. ఆమె దుపట్టా జరీ దానికి చిక్కుకుంటే ఆ ఘడియలో ఇద్దరూ పిన్నులు విప్పుకుంటూ నిలబడాలి. ఇంకొకటి, ముదురు రంగు భుజం మీద ఆమె మేకప్ తప్పక అంటుకుంటుంది. ఆ క్షణంలో దాన్ని తుడవకండి, తడి గుడ్డతో రుద్దితే లోపలికి పోతుంది. ఆరనిచ్చి డ్రై క్లీనింగ్‌కు ఇవ్వాలి. వలీమా చాలాసార్లు మర్నాడో ఆ మర్నాడో ఉంటుంది, అప్పటికి ఆ కోటు తిరిగి రాదు. అందుకే అల్లుడి ఇంటికి అతిథిగా వెళ్లే ఆ సాయంత్రం కోసం ఒక సూటో, ఇస్త్రీ చేసిన సల్వార్ కమీజ్, వాస్కట్ జతో విడిగా సిద్ధం చేసి ఉంచుకోండి.