స్టోరేజ్ డ్రైవర్ కోడ్ రివ్యూ, 4వ పాఠం: పైకి రౌండ్ చేశాక కూడా క్లాక్ ఎందుకు ఎక్కువైంది?

ఈ వారం వోల్టేజీ మార్చే కోడ్ మొదలుపెడదామనుకున్నాను. మీ జవాబులు చదివాక దాన్ని పక్కన పెట్టేశాను. పోయిన పాఠం చివర మీకు ఎస్‌డీ కార్డు క్లాక్ సెట్ చేసే చిన్న ఫంక్షన్ ఇచ్చి, రివ్యూ రాయమన్నాను. ఎక్కువమంది దాదాపు ఒకే మాట రాశారు: "భాగహారంలో పైకి రౌండ్ చేశారు కాబట్టి లెక్క సరిగ్గానే ఉంది." సరిగ్గా లేదు. ఆ కోడ్ బోర్డు మీదికి వెళ్తే కార్డుకు అది ఒప్పుకున్న దానికంటే ఎక్కువ క్లాక్ వెళ్తుంది. ఇది తేలకుండా ముందుకు వెళ్లలేను.

రిజిస్టర్లు, డివైస్ ట్రీ మళ్లీ చెప్పను, అవి మీకు తెలుసు. ఒక్కటి గుర్తుంచుకోండి. ఎస్‌డీహెచ్‌సీఐ (ఎస్‌డీ కార్డు కంట్రోలర్ల ప్రామాణిక రూపం) 3.00 కంట్రోలర్‌లో డివైడర్ ఫీల్డులో ఎన్ అని రాస్తే, బేస్ క్లాక్‌ను, అంటే కంట్రోలర్‌కు వచ్చే అసలు క్లాక్‌ను, 2×ఎన్‌తో భాగిస్తుంది. ఎన్ సున్నా అయితే భాగించదు, ఉన్నది ఉన్నట్టే కార్డుకు పంపుతుంది. అంటే 1 తర్వాత అన్నీ సరి సంఖ్యలే: 2, 4, 6 అలా 2046 దాకా.

ఇప్పుడు ఆ ఫంక్షన్‌లో అసలు పని చేసే రెండు లైన్లు చూడండి. మొదటిది బేస్ క్లాక్‌ను అడిగిన క్లాక్‌తో భాగించి, శేషం మిగిలితే ఒకటి కలుపుతుంది. రెండోది ఆ ఫలితాన్ని ఒక బిట్ కుడికి జరిపి ఎన్‌గా రాస్తుంది. మీ కళ్లు మొదటి లైను దగ్గరే ఆగిపోయాయి. తప్పు రెండో లైనులో ఉంది.

కాగితం తీసుకోండి. బేస్ క్లాక్ 208 మెగాహెర్ట్జ్. కార్డు హై స్పీడ్ మోడ్‌లో ఉంది, దాని పరిమితి 50. 208ని 50తో భాగిస్తే 4.16. పైకి రౌండ్ చేస్తే 5. ఇంతవరకు బాగానే ఉంది. 5ను ఒక బిట్ కుడికి జరిపితే 2. రెండున్నర రావాల్సిన చోట ఆ అర కిందికి రాలిపోయింది. ఎన్ 2 అంటే డివైడర్ 4. 208ని 4తో భాగిస్తే 52 మెగాహెర్ట్జ్! మొదటి లైను జాగ్రత్తపడి కలిపిన ఒకటిని రెండో లైను తీసి పారేసింది.

రావాల్సింది ఎన్ 3, డివైడర్ 6, క్లాక్ 34.67 మెగాహెర్ట్జ్. అడిగింది 50 అయితే 34.67 ఇవ్వడం అన్యాయంగా అనిపిస్తుంది. మీలో కొందరు ఇలాగే వాదించారు: "52 దగ్గరగా ఉంది, రెండు మెగాహెర్ట్జే తేడా, నాలుగు శాతం, అంతమాత్రానికి ఏమవుతుంది?" ఈ వాదన ఎన్నిసార్లు విన్నా నాకు చికాకే. అందుకే దీన్ని నానోసెకన్లలో విప్పి చూపిస్తాను.

హై స్పీడ్ మోడ్‌లో కార్డు క్లాక్ అంచు చూశాక డేటాను లైను మీద పెట్టడానికి 14 నానోసెకన్ల దాకా తీసుకోవచ్చు. ఆ హక్కు కార్డుకు స్పెసిఫికేషన్ ఇచ్చింది. 50 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక పీరియడ్ 20 నానోసెకన్లు. కార్డు 14 తీసుకుంటే మిగిలేది 6. క్లాక్ బోర్డు మీది తీగ వెంట కార్డు దాకా వెళ్లాలి, డేటా తిరిగి రావాలి, కంట్రోలర్ దాన్ని పట్టుకునే ముందు అది కాసేపు కదలకుండా నిలబడాలి. ఇవన్నీ ఆ 6లోనే సర్దుకోవాలి. 52 దగ్గర పీరియడ్ 19.23. కార్డు తన 14 తాను తీసుకుంటుంది, తగ్గించుకోదు. మిగిలేది 5.23. మీరు నాలుగు శాతం అంటున్నది ఆ చివరి 6 నానోసెకన్లలో దాదాపు 13 శాతం. వేగం కొంచెమే పెరిగింది కానీ, కోత మొత్తం మన వాటాలోనే పడింది.

దీని ఫలితం వెంటనే కనబడదు, అదే దీనితో వచ్చిన టెన్షన్. చాలా కార్డులు 14 తీసుకోవు, త్వరగానే ఇచ్చేస్తాయి. టేబుల్ మీద అన్నీ పనిచేస్తాయి. నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఇలాంటి బోర్డు ఒకటి ఏసీ గదిలో బాగానే ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం బయటపెడితే ఒక రకం కార్డుతో మాత్రం మైనస్ 84, అంటే సీఆర్‌సీ ఎర్రర్ (డేటా దారిలో పాడైందన్న సూచన), వచ్చేది. కార్డులు మార్చాం, పవర్ సప్లై మార్చాం, రీట్రైల సంఖ్య పెంచాం. రెండు వారాలయ్యాక ఒకరు ఓసిలోస్కోప్ పెట్టి క్లాక్ పీరియడ్ కొలిచారు. దాని తర్వాత కోడ్‌లో లైను దొరకడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

కాబట్టి కార్డుకు ఇచ్చే క్లాక్ విషయంలో "దగ్గరి సంఖ్య" అన్న ఆలోచనే వద్దు. కోర్ (డ్రైవర్‌కు పైన ఉండి క్లాక్ ఎంత కావాలో చెప్పే కోడ్) అడిగిన సంఖ్య గరిష్ఠ పరిమితి. దానికి సమానంగా ఇవ్వొచ్చు, తక్కువ ఇవ్వొచ్చు, ఒక్క హెర్ట్జ్ కూడా ఎక్కువ ఇవ్వకూడదు.

ఈ తప్పు టెస్టింగ్‌లో ఎలా తప్పించుకుంటుందో కూడా చూడండి. అదే 208 బేస్‌తో, అదే కోడ్‌తో ఈఎంఎంసీ (బోర్డు మీదే అతికించే స్టోరేజ్ చిప్) సంఖ్యలు వేసి చూశాను. 400 కిలోహెర్ట్జ్‌కు భాగఫలం 520, సగం 260, సరిగ్గా 400 వస్తుంది. 26 మెగాహెర్ట్జ్‌కు 8, సగం 4, సరిగ్గా 26. 52కు 4, సగం 2, సరిగ్గా 52. అన్నీ సరి సంఖ్యలే కాబట్టి ఏదీ రాలిపోదు. ఇప్పుడు ఎస్‌డీ సంఖ్యలు వేయండి. 25కు 8.32, పైకి 9, కుడికి జరిపితే 4, వచ్చేది 26. 50కు 52. ఎస్‌డీఆర్50 మోడ్‌కు 100 అడిగితే 2.08, పైకి 3, జరిపితే 1, వచ్చేది 104. బోర్డు మీద అతికించిన ఈఎంఎంసీతో మాత్రమే పరీక్షించిన వాళ్లకు ఈ కోడ్‌లో ఏ లోపమూ కనబడదు.

ఆ కుడికి జరపడం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. లినక్స్ ఎస్‌డీహెచ్‌సీఐ డ్రైవర్‌లో కూడా చివర ఒక బిట్ కుడికి జరుపుతారు. కానీ అక్కడ అంతకు ముందు లూప్ ఉంటుంది. డివైడర్ 2 దగ్గర మొదలై రెండేసి చొప్పున పెరుగుతుంది, ఫలితం అడిగిన దానికి సమానమో తక్కువో అయ్యాకే ఆగుతుంది. జరిపే సమయానికి చేతిలో ఉన్నది తప్పకుండా సరి సంఖ్య, రాలడానికి ఏమీ ఉండదు. లూప్ వదిలేసి చివరి లైను మాత్రం తెచ్చుకుంటే ఇలా అవుతుంది. డిజైన్‌వేర్ అనే మరో రకం ఎంఎంసీ కంట్రోలర్ డ్రైవర్ దారి వేరు. అక్కడ రెండుసార్లు భాగిస్తారు, రెండుసార్లూ పైకే రౌండ్ చేస్తారు. ఆ ఒకటి కలపడం భాగహారం తర్వాతే ఎందుకు జరగాలో, కార్డు అతివేగంతో నడవకుండా ఉండేందుకని, కోడ్‌లోనే కామెంట్ రాసి పెట్టారు. నాకైతే ఒకే భాగహారం ఇష్టం: బేస్ క్లాక్‌ను అడిగిన దానికి రెట్టింపుతో భాగించి ఒక్కసారి పైకి రౌండ్ చేస్తే నేరుగా ఎన్ వస్తుంది. 208ని 100తో భాగిస్తే 2.08, పైకి 3. అయిపోయింది. బేస్ అడిగిన దానికి సమానమో తక్కువో అయినప్పుడు ఎన్ సున్నా అని ముందే విడిగా రాయాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. క్లాక్ సున్నా అడిగితే కార్డు క్లాక్ ఆపేయమని అర్థం. ఆ ఫంక్షన్‌లో సున్నాతో భాగహారం జరుగుతుంది, దీన్ని చాలామంది పట్టుకున్నారు. క్లాక్ స్థిరపడే దాకా తిరిగే లూప్‌కు గడువు లేదని కొందరు రాశారు, అదీ నిజమే. లినక్స్‌లో 150 మిల్లీసెకన్లు ఆగి వదిలేస్తారు. డివైడర్ మార్చే ముందు కార్డుకు వెళ్లే క్లాక్ ఆపలేదని ఇద్దరే గమనించారు. వాళ్లు కోడ్‌ను వరుసలో చదివారన్నమాట, చాలా సంతోషమేసింది.

డీబగ్‌ఎఫ్ఎస్‌లో (కెర్నల్ లోపలి వివరాలు ఫైళ్లుగా చూపే చోటు) ఎంఎంసీ0 కింద ఉన్న ఐఓఎస్ ఫైలు చూస్తే చాలదా అని ఒకరు అడిగారు. నేనూ రోజూ చూస్తాను. అందులో అడిగిన క్లాక్ ఒక లైను, అసలు క్లాక్ ఇంకో లైను ఉంటాయి. కానీ ఆ రెండో లైను డ్రైవర్ నింపితేనే వస్తుంది, డ్రైవర్ చెప్పిందే చూపిస్తుంది. మీకిచ్చిన ఫంక్షన్ చివర అడిగిన సంఖ్యనే అసలు క్లాక్‌గా రాసేశారు. ఫైలులో 50 అని ఉంటుంది, పిన్ మీద 52 నడుస్తుంది. అందుకే ప్యాచ్ రాగానే నేను పేర్లూ ఖాళీలూ చూడను. ముందు భాగహారం గుర్తు, షిఫ్ట్ గుర్తు ఎక్కడున్నాయో వెతికి, కాగితం అంచున బేస్ క్లాక్ రాసుకుని, ప్రతి మోడ్‌కూ లెక్క వేస్తాను.

రివ్యూలో "రౌండింగ్ చూసుకోండి" అని రాస్తే పంపిన వాళ్లకు ఏమీ తెలియదు. నేనైతే ఇలా రాస్తాను: "బేస్ 208, అడిగింది 50 అయితే మొదటి భాగహారంలో 5 వస్తుంది, షిఫ్ట్ తర్వాత 2 అవుతుంది, కార్డుకు 52 వెళ్తుంది. సగం చేసేటప్పుడు కూడా పైకి రౌండ్ చేయాలి. 25, 100 దగ్గరా ఇదే తప్పు ఉంది."

ఈసారి అభ్యాసం కొంచెం బరువైనదే. ఒక రోజు పట్టినా ఫరవాలేదు.

కంట్రోలర్ అదే, బేస్ 208. క్లాక్ కంట్రోల్ రిజిస్టర్ 16 బిట్లది. ఎన్ మొత్తం 10 బిట్లు: కింది 8 బిట్లు రిజిస్టర్‌లో 15 నుంచి 8 వరకు, పై 2 బిట్లు 7, 6 స్థానాల్లో ఉండాలి. ఒకాయన ఎన్‌ను సరిగ్గానే లెక్కించి, 8 బిట్లు ఎడమకు జరిపి, ఆ 16 బిట్ల రిజిస్టర్‌లో రాసేశాడు. కార్డు పెట్టగానే, గుర్తింపు దశలో, కోర్ 400 కిలోహెర్ట్జ్ అడిగింది. పిన్ మీద ఎంత వస్తుంది? ఆ దశ దాటించి చూస్తే 25, 50, 100 దగ్గర ఏమవుతుంది? ఇదే కోడ్ బేస్ 100 ఉన్న బోర్డులో ఎందుకు ఏ గొడవా లేకుండా నడుస్తుంది? బేస్ ఎంత దాటితే 400 కిలోహెర్ట్జ్ దగ్గర ఇది విరుగుతుంది?

నాలుగింటికీ జవాబులు రాసి, ఆ ప్యాచ్ పంపిన మనిషికి మూడు వాక్యాల రివ్యూ కూడా రాయండి. కాగితం మీద వేసిన లెక్క జతచేయండి. లెక్క లేకుండా "బాగుంది" అని వచ్చిన జవాబులు ఈసారి చూడను. అందరివీ అందాక వోల్టేజీ దగ్గరికి వెళ్దాం.