జపాన్ ఆర్ట్ బొమ్మల సేకరణ ఎలా మొదలుపెట్టాలి?

జపాన్‌లో ఆర్ట్ గ్యాలరీకీ బొమ్మల షాపుకీ మధ్య దూరం చాలా తక్కువ. జపాన్ కళాకారుడు తకాషి మురకామి 2003లో తన శిల్పాలను అరచేతిలో ఇమిడే బొమ్మలుగా చేయించి, చిన్న డబ్బాల్లో చూయింగ్ గమ్‌తో పాటు కన్వీనియన్స్ స్టోర్లలో అమ్మకానికి పెట్టారు. వాటిని తయారుచేసింది ఫిగర్లకు, అంటే చిన్న శిల్పాల్లాంటి బొమ్మలకు, పేరుపడ్డ కైయోడో సంస్థ. కాబట్టి పెద్ద ధర పెడితేనే కళ చేతికొస్తుందని అనుకోకండి.

1. ముందుగా ఎవరి బొమ్మలు సేకరించాలో తేల్చుకోండి. మురకామి నవ్వే పువ్వులా, యొషితోమో నారా గీసే కోపపు చూపుల పిల్లలా, మెడికామ్ టాయ్ సంస్థ 2001 నుంచి తెస్తున్న బేర్‌బ్రిక్ ఎలుగుబంట్లా? అన్నీ కొనాలనుకుంటే డబ్బూ చాలదు, ఇల్లూ చాలదు.

2. సైజు చూసుకోండి. బేర్‌బ్రిక్‌లో 100% అంటే సుమారు 7 సెంటీమీటర్లు, 400% అంటే 28, 1000% అంటే 70. మొదటిసారికి 7 సెంటీమీటర్లదే చక్కగా సరిపోతుంది. సిరీస్‌గా విడుదలయ్యే బొమ్మలు మూసిన డబ్బాల్లో వస్తాయి, లోపల ఏముందో తెరిచేదాకా తెలియదు. ఫలానా డిజైనే కావాలంటే డబ్బాలు కొంటూ పోకుండా, ఎవరో తెరిచినది సెకండ్ హ్యాండ్‌లో కొనండి. టోక్యో వెళ్లే వీలుంటే నకానో బ్రాడ్‌వే అనే షాపింగ్ కాంప్లెక్స్‌లో ఇలాంటి షాపులు వరసగా ఉంటాయి.

3. దేనితో చేశారో అడగండి. జపనీయులు 'సోఫుబి' అనే మెత్తటి వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) బొమ్మల తయారీ చూడముచ్చటగా ఉంటుంది. లోహపు అచ్చులో ద్రవ వినైల్ పోసి వేడిచేస్తారు. అచ్చు గోడలకు పట్టిన పొర గట్టిపడగానే మిగతాది వంపేస్తారు. తర్వాత వేడి మీదే బొమ్మను బయటికి లాగుతారు. అందుకే లోపల బోలుగా ఉంటుంది, ప్రతిదానిలో పనివాడి చెయ్యి కనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే.

4. నకిలీలు చాలా ఉన్నాయి. రంగు అంచులు, అతుకులు, కాపీరైట్ గుర్తు, డబ్బా మీది ప్రింటు... వీటిని తయారీదారు ఫొటోలతో పోల్చాకే డబ్బు కట్టండి.

5. వినైల్‌ను ఎండ పాడుచేస్తుంది. విజయవాడ లాంటి చోట వేసవిలో కిటికీ పక్కన అసలు పెట్టకండి. ప్లాస్టిక్ కవర్లో బిగించి ఏళ్ల తరబడి ఉంచినా వినైల్‌లోని మెత్తబరిచే నూనె పైకి వచ్చి జిగురుగా తయారవుతుంది. అప్పుడు గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు చాలు. థిన్నర్, స్పిరిట్ తగిలితే రంగు పోతుంది. కాలు వంగి బొమ్మ ఒరిగిపోతుంటే కాసేపు వేడినీళ్లలో ఉంచి, సరిచేసి, వెంటనే చల్లటి నీళ్లలో ముంచండి.

డబ్బాను, లోపలి కార్డును పారేయకండి. ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే ముందు అడిగేది వాటినే.