ఆక్స్‌ఫర్డ్ శివారులోని హెడింగ్టన్ పారిష్ చరిత్రను వెతకడం ఎలా?

ఇంగ్లండులో పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని ఊరు. బీదల పోషణ, బాటల మరమ్మతు వంటి పనులు కూడా ఒకప్పుడు పారిషే చూసుకునేది కాబట్టి, మామూలు జనం బతుకులు పారిష్ రాసిపెట్టిన పుస్తకాల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి.

ముందుగా ఊరి ఎల్లలు తేల్చుకోండి. 1086లో రాజు చేయించిన భూముల లెక్క అయిన డూమ్స్‌డే సర్వేలో హెడింగ్టన్ రాజు సొంత ఆస్తి. దాని పాత చర్చి సెయింట్ ఆండ్రూస్. హెడింగ్టన్ క్వారీ అనే రాతి గనుల పేటకు 1849లో హోలీ ట్రినిటీ చర్చి ఏర్పడింది కనుక, ఒకే కుటుంబం కోసం రెండు చర్చిల పుస్తకాలూ చూడాల్సి రావచ్చు.

తరువాత రిజిస్టర్లు తెరవండి. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసిపెట్టాలని 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞాపించాడు. ఈ ప్రాంతపు రిజిస్టర్లను భద్రపరిచే ఆక్స్‌ఫర్డ్‌షైర్ హిస్టరీ సెంటర్ పక్కనున్న కౌలీలో, ఒకప్పటి చర్చి భవనంలోనే ఉంది. తేదీల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం: 1752కు ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి, పుస్తకంలో '1700 ఫిబ్రవరి' అని ఉంటే మన లెక్కలో అది 1701. ఇక 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి. బాప్తిస్మం నమోదులో తండ్రి వృత్తికి ఒక గడి చేరింది. ఆ గడిని వరుసగా చదువుతూ పోతే ఊరి జీవనాధారమే కళ్లకు కడుతుంది.

అయితే అందులో తల్లి పనికి చోటు లేదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ కాలేజీల బట్టలు ఉతికి కుటుంబాలను నిలబెట్టిన క్వారీ ఆడవాళ్ల శ్రమ కోసం జనాభా లెక్కలు చూడాలి. 1841 లెక్కల్లో ఇంటిల్లిపాది పేర్లూ ఉన్నాయి గానీ, వారి మధ్య బంధుత్వాలు 1851 నుంచే రాశారు. 1931 నాటివి అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1941లో లెక్కలే జరగలేదు.

కాగితాలు ముగిశాక ఊళ్లో నడవండి. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన మెట్టు ఇదే. ఆక్స్‌ఫర్డ్‌లోని న్యూ కాలేజీ గంట గోపురానికి 1396-97లోనే ఇక్కడి రాయి వెళ్లింది. తరువాతి శతాబ్దాల్లో విశ్వవిద్యాలయ భవనాలు ఎన్నో ఈ రాతితోనే లేచాయి. అందులో మెత్తని రకం బొగ్గు పొగకు పొక్కులు లేచి రాలిపోవడంతో, 20వ శతాబ్దంలో చాలా గోడలకు వేరే రాయి తాపడం చేశారు. నగరంలో గోడ లేచిన ప్రతిసారీ ఇక్కడ ఒక గొయ్యి మిగిలింది. క్వారీలో ఇళ్లు ఎగుడుదిగుడుగా, సందులు మెలికలు తిరుగుతూ ఉండటానికి కారణం ఆ పాత గోతులే.

1929లో హెడింగ్టన్ ఆక్స్‌ఫర్డ్ నగరంలో కలిసింది. ఆ తరువాతి పాలనా పత్రాలను నగరం పేరు కింద వెతకండి.