మేడ మీద మల్లెలు: ఎండాకాలమంతా పూయాలంటే

మల్లె పూసేది ఎండాకాలంలోనే గానీ, దాని పని చలికాలంలోనే మొదలవుతుంది. విజయవాడలో మా మేడ మీద గుండుమల్లె కుండీలు చూసి "ఏం మందు వేస్తున్నారండీ?" అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: సంక్రాంతి లోపు కత్తిరించండి.

మల్లె మొగ్గ వేసేది కొత్త చిగురు చివర. ముదురు కొమ్మల్ని అలాగే వదిలేస్తే ఏదో నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది. అందుకని డిసెంబరు ఆఖర్లో ఓ పది రోజులు నీళ్లు బాగా తగ్గించండి. ఆకులు వాడతాయి, కంగారు పడొద్దు. తర్వాత మొక్కను అడుగున్నర ఎత్తుకు కత్తిరించి, ఎండుపుల్లలు తీసేసి, మిగిలిన ఆకంతా దూసేయాలి. అలా బోడిగా చేయడానికి చాలామందికి మనసొప్పదు. మా అత్తయ్యగారికైతే ఇప్పటికీ ఒప్పదు. కానీ పూత రహస్యమంతా అక్కడే ఉంది.

ఆ తర్వాత పైమట్టి గుల్ల చేసి, బాగా చివికిన పశువుల ఎరువు రెండు మూడు గుప్పెళ్లు, కాస్త ఎముకల పొడి కలిపి నిండుగా నీళ్లు పెట్టండి. యూరియా జోలికి పోకండి, ఆకు గుబురెక్కి పూత తగ్గుతుంది. చిగుళ్లు మొదలయ్యాక 15 రోజులకోసారి, నానబెట్టిన వేరుశనగ చెక్క తేటలో పదింతలు నీళ్లు కలిపి పోస్తే చాలు. కుండీ కనీసం 12 అంగుళాలది ఉండాలి. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి.

మార్చిలో మొదటి విడత పూసి అయిపోగానే, పూసిన ప్రతి కొమ్మ చివరా రెండు కణుపులు తుంచేయండి. మళ్లీ చిగురు, మళ్లీ మొగ్గ. ప్రతి విడతకీ ఇలాగే చేస్తే జూన్ దాకా పూస్తూనే ఉంటుంది.

మే నెలలో కుండీల కింద ఇటుకలు పెట్టండి, కాలిన స్లాబు వేడి వేళ్లకు తగలదు. పొద్దున్నే ఒకసారి, ఎండ తగ్గాక ఇంకోసారి నీళ్లు.

మొగ్గల్ని రోజూ దగ్గరగా చూడాలి. తెల్లగా ఉండాల్సిన మొగ్గ ఊదారంగుకు తిరిగి, చిన్న కన్నం కనిపిస్తే లోపల మొగ్గతొలుచు పురుగు ఉన్నట్టే. పక్క మొగ్గలను కూడా సన్నటి దారాలతో కలిపి గూడు కట్టేస్తుంది. అలాంటివి కోసి దూరంగా పారేయండి, మొక్క మొదట్లో రాల్చొద్దు. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఇక ఈనెలు పచ్చగా ఉండి లేత ఆకు పసుపుబారితే అది తెగులు కాదు, ఇనుము లోపం. బోరునీళ్లు పోసేవాళ్లకు ఎక్కువగా వస్తుంది. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తే వచ్చే చిగురు పచ్చగా వస్తుంది.

కోసేటప్పుడు బాగా ఉబ్బి, పాలలా తెల్లబడ్డ మొగ్గలే కోయండి. ఆకుపచ్చ జీర ఉన్నది కోసినా విచ్చదు. సాయంత్రం ఐదింటికి కోసి తడిబట్టలో ఉంచితే, మాల కట్టేలోగా వాడవు.

ఇంకో మొక్క కావాలంటే కొనక్కర్లేదు. తొలకరి పడగానే కింద కొమ్మనొకదాన్ని వంచి, మధ్య కణుపు దగ్గర చెక్కు కొంచెం గీకి, పక్క కుండీ మట్టిలో పూడ్చి పైన రాయి పెట్టండి. వేళ్లు గట్టిపడ్డాకే తల్లి మొక్క నుంచి కోసి వేరు చేయండి.