జవాబు చెప్పకుండా ముగిసే ఎపిసోడ్ మీద వాదించుకోవడం ఎలా

మిస్టరీ ఎపిసోడ్ అయిపోగానే వినిపించేవి రెండే మాటలు. "మైండ్ బ్లాక్ అయింది బాస్" అని ఒకరు, "ఏంటిది, ఏమీ చెప్పకుండా ముగించేశాడు" అని ఇంకొకరు. ఈ రెండిటితో వాదన అంగుళం కూడా కదలదు. కాలంలో ప్రయాణించే డాక్టర్ అనే హీరో కథతో నడిచే బ్రిటిష్ సిరీస్ 'డాక్టర్ హూ'లో 2024 మే 25న వచ్చిన '73 యార్డ్స్' అనే ఎపిసోడ్ చూసినవాళ్లు సరిగ్గా ఇలాగే రెండు జట్లయ్యారు కాబట్టి దాన్నే పట్టుకుని చెప్తాను. కథ మొత్తం బయటపెట్టేస్తాను, చూడనివాళ్లు చూసొచ్చాక చదవండి.

టూకీగా కథ ఇది. వేల్స్‌లో సముద్రం పక్కన కొండ మీద, దారాలతో అల్లిన చిన్న వలయాన్ని డాక్టర్ చూసుకోకుండా తొక్కి మాయమైపోతాడు. వెంట ఉన్న రూబీ ఒంటరిగా మిగిలిపోతుంది. అక్కడి నుంచి ఆమె ఎక్కడికెళ్లినా 73 గజాల దూరంలో ఒక ముసలావిడ నిలబడి చేతులు కదుపుతూ ఉంటుంది, ఎవరైనా వెళ్లి ఆవిడతో మాట్లాడితే చాలు, రూబీ వైపు భయంగా చూసి పారిపోతారు. పెంచిన తల్లి కూడా అంతే.

మొదట చేయాల్సింది, ఎండింగ్ వివరించే వీడియోల జోలికి పోకముందే మీకు ఏ సీన్ దగ్గర ఒళ్లు జలదరించిందో, ఏ సీన్ దగ్గర విసుగొచ్చిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం. వేరేవాళ్ల వివరణ ఒకసారి చెవిన పడిందంటే మన సొంత అభిప్రాయం ఏదో మనకే గుర్తుండదు. "బాగుంది" అని రాయొద్దు, సీన్ పేరు పెట్టి రాయండి. నావరకైతే అది దూరం. 73 గజాలంటే మూడు క్రికెట్ పిచ్‌లు వరసగా పరిచి పైన ఇంకో ఏడు గజాలు. బౌండరీ దగ్గర ఫీల్డర్ చేతులు ఊపితే కనిపిస్తుంది కానీ వాడి మొహంలో ఏముందో కనిపించదు కదా, ఆ ముసలావిడ మనకి కనిపించేది కూడా అంతే. భయమంతా అక్కడే పుట్టింది.

తర్వాత మీ ప్రశ్నలన్నీ విడదీయండి. అసలు పని ఇదే. కొన్నిటికి జవాబు ఎపిసోడ్‌లోనే ఉంటుంది. ఆ ముసలావిడ ఎవరు? రూబీయే. ముసలిదై మంచం మీద కన్నుమూసే వేళ ఆవిడ తొలి రోజుకి, ఆ కొండ దగ్గరికి తిరిగొస్తుంది, ఈసారి డాక్టర్ వలయం తొక్కకుండా కుర్ర రూబీ ఆపుతుంది. ఇది అర్థం కాలేదంటే తప్పు కథది కాదు, చివరి పది నిమిషాలు మళ్లీ చూడండి. ఇంకొన్ని కావాలనే దాచినవి. అంతమందిని పారిపోయేలా చేసిన ఆ మాట ఏంటి? రాసిన రసెల్ టి డేవీస్ అది ఎప్పటికీ చెప్పనని తేల్చేశాడు. కావాలని దాచిందా, రాసేవాడు మర్చిపోయిందా అని తేల్చడానికి సులువైన పరీక్ష ఒకటుంది: కథలోని మనుషులు కూడా ఆ ప్రశ్న అడుగుతున్నారా లేదా? ఇక్కడ రూబీ జీవితమంతా దాని చుట్టూనే తిరుగుతుంది, అంటే కావాలనే దాచాడు. నచ్చకపోతే నచ్చలేదనండి, అది మీ ఇష్టం, కానీ "లాజిక్ మిస్సయింది" అనకండి.

ఇక్కడే చాలామంది ఇదే సిరీస్‌లోని 'బ్లింక్'ని ముందుకు తెస్తారు. 2007లో వచ్చిన ఆ ఎపిసోడ్‌లో చివరికి శాలీ అనే అమ్మాయి జరిగిందంతా రాసి ఉన్న కాగితాలన్నీ డాక్టర్ చేతిలో పెడుతుంది, దాంతో ముడులన్నీ విడిపోతాయి. గొప్ప ఎపిసోడే, సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది. కానీ అది పజిల్, ఇది దెయ్యం కథ. ఒకదాని కొలబద్దతో ఇంకోదాన్ని కొలిస్తే వాదన తెల్లారేదాకా సాగుతుంది తప్ప తేలదు.

ఎవరైనా థియరీ చెప్తే "ఏ సీన్‌లో?" అని అడగండి, అంతకుమించి అక్కర్లేదు. ఉదాహరణకి, పసికందుగా చర్చి దగ్గర వదిలేయబడిన పిల్ల రూబీ, కాబట్టి అందరూ తనని వదిలేస్తారన్న భయమే ఈ కథ అంటారు కొందరు. తల్లి తలుపు తీయని సీన్ చూపిస్తే ఒప్పుకోవాల్సిందే. ఎలా జరిగిందో ఈ థియరీ చెప్పదు, ఎందుకంత బాధగా ఉందో మాత్రం చెప్తుంది.

రెండోసారి చూసేటప్పుడు మొదటి నిమిషం వదలొద్దు. టైటిల్స్ కూడా పడవు, డాక్టర్ మాటల మధ్యలో రోజర్ అప్ గ్విలియం అనే రాజకీయ నాయకుడి పేరు అలా అనేసి పోతాడు. ఏళ్ల తర్వాత అదే మనిషి ప్రధాని అవుతాడు. రూబీ స్టేడియంలో 73 గజాలు లెక్కపెట్టి నిలబడి, ముసలావిడ సరిగ్గా వాడి పక్కన తేలేలా చేసి, వాడు పదవి వదిలి పారిపోయేలా చేస్తుంది. ఈ ప్లాన్ చూసి చప్పట్లు కొట్టనివాళ్లు తక్కువ.

నాకు మాత్రం అసలు గొడవ పడాల్సింది ఇక్కడే అనిపిస్తుంది. వాడి ప్రచారంలో పనిచేసే మార్టీ అనే అమ్మాయిని వాడు ఏదో చేశాడని రూబీకి తెలుసు, అయినా అదను కోసం ఆగుతుంది, ఆలస్యమైందని తర్వాత సారీ చెప్తుంది. ముసలావిడ ఏమందో అని బుర్ర బద్దలు కొట్టుకునేవాళ్లు దీని గురించి నోరు మెదపరు. ఈసారి వాదనకి కూర్చున్నప్పుడు ముందు మార్టీ సంగతి ఎత్తండి.