పాత వయొలిన్ బో ఎవరిది, ఎంత చేస్తుంది? తరచూ ఎదురయ్యే చిక్కులు

సమస్య: స్టిక్ (బో కర్ర) మీద "టూర్టే" అని ముద్ర ఉంది.

కారణం: పారిస్‌కు చెందిన ఫ్రాన్స్వా జేవియర్ టూర్టే (మరణం 1835) నేటి బో రూపాన్ని స్థిరపరిచిన మనిషి. ఆయన తన బోల మీద పేరు వేయడం చాలా అరుదు. ఆ పేరు కొట్టినవి ఎక్కువగా జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్ వర్క్‌షాపుల నుంచి వచ్చిన మామూలు బోలే.

పరిష్కారం: పేరును పక్కన పెట్టి పనితనం చూడండి. తల (స్టిక్ పై కొన) చెక్కిన తీరు, స్టిక్ అంచుల పదును, ఫ్రాగ్ (చేత్తో పట్టుకునే చివర బో వెంట్రుకలను పట్టి ఉంచే ముక్క) కూర్చున్న తీరు చెప్పేంత నిజం ముద్ర చెప్పదు. పక్కనే "జర్మనీ" అని కూడా ఉంటే ఎగుమతి సరుకని అర్థం. 1890 నాటి అమెరికా చట్టం తర్వాత దిగుమతి వస్తువుల మీద దేశం పేరు తప్పనిసరైంది.

సమస్య: ముద్రే కనిపించడం లేదు.

చేతి రాపిడికి అరిగిపోయి ఉండొచ్చు. గది చీకటి చేసి, ఫ్రాగ్‌కు కాస్త పైన టార్చ్‌ను పక్కవాటుగా వేసి చూడండి. తర్వాత స్క్రూ పూర్తిగా విప్పి, వెంట్రుకలు మెలిపడకుండా ఫ్రాగ్ తీసి కింద చూడండి. దయచేసి గుడ్డతో రుద్దకండి, పాలిష్ పెట్టకండి. మిగిలిన ఆ కాస్త అక్షరమూ పోతుంది. అసలు ముద్రే లేకపోయినా నిరాశ పడనక్కర్లేదు, గొప్పవాళ్లూ చాలామంది వేయలేదు. కొన్నిసార్లు పేరు షాపుది, చెయ్యి వేరేవాళ్లది: పారిస్ వయొలిన్ తయారీదారు, వ్యాపారి విల్యోమ్ ముద్రతో వచ్చిన బోలలో కొన్ని డొమినిక్ పెకట్ అనే బో తయారీదారు చేసినవి.

సమస్య: ఫ్రాగ్ అటూ ఇటూ ఊగుతోంది.

ఇది మార్చిన ఫ్రాగ్ అని చాలామంది వెంటనే తేల్చేస్తారు. తొందరపడొద్దు, లోపలి ఇత్తడి ఐలెట్ (స్క్రూ బిగిసే చిన్న మర) అరిగినా ఊగుతుంది. బో బాగుచేసేవారు దాన్ని సులువుగా మారుస్తారు. స్టిక్ మీది అరుగుదల గుర్తులు ఫ్రాగ్ అంచులతో కలవకపోతే అప్పుడు అనుమానించండి. ఫ్రాగ్ అసలుది కాకపోతే విలువ తగ్గుతుంది.

సమస్య: బరువు తక్కువగా ఉంది.

వయొలిన్ బో సుమారు 60 గ్రాములు ఉంటుంది. స్టిక్‌కు పట్టుకునే చోట చుట్టిన వెండి తీగ తీసేసి తేలికైనది చుడితే కొన్ని గ్రాములు తగ్గుతాయి. స్టిక్ మంచిదైతే అది పెద్ద లోపం కాదు.

అన్నిటికన్నా ముందు భూతద్దంతో తల చూడండి. అక్కడ పగులుంటే, ఎంత బాగా అతికించినా, ధర బాగా పడిపోతుంది. ఆ తర్వాతే మీ బో కొనే ఉద్దేశం లేని నిపుణుడి దగ్గర ఫోటోలతో కూడిన రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. అందులో రాసింది ఇన్సూరెన్స్ విలువా, అమ్మకం విలువా అని తప్పకుండా అడగండి, రెండూ ఒకటి కావు.